గేటు ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. తప్పులుంటే పెద్దవాళ్లు సరిచేయండి.

మొన్న సెలవులకి హాస్టల్ నుంచి ఊరికి వెళ్లినప్పుడు ఒక గొడవ చూశాను. మా ఊరి పక్క నుంచి కొండ మీదికి ఒక బాట ఉంది. పశువుల్ని తోలుకెళ్లే బాట, పోడు చేలకి పోయే బాట. మా జాకరమ్మ చెట్లు కూడా ఆ దారిలోనే ఉంటాయి. పశువులు చేలో పడకుండా ఒకచోట దడి కట్టి, దారికి అడ్డంగా వెదురు తడిక పెట్టుకున్నాం. మాకు గేటంటే అదే. ఆ రోజు పొద్దున్నే నలుగురు కుర్రాళ్లు బైకుల మీద వచ్చారు. తడిక తీశారు, మూయకుండా పైకి పోయారు. దిగొచ్చేసరికి ఆవులు రాజ్మా చేలో ఉన్నాయి. మావాళ్లు నిలదీస్తే వాళ్లు ఫోన్ తీసి చూపించారు. "మ్యాప్‌లో ఇది రోడ్డే కదండీ, గేటు ఉన్నట్టు ఎక్కడా లేదు" అన్నారు. అది అబద్ధం కాదు. నేనూ చూశాను. మ్యాప్‌లో గీత ఉంది, తడిక లేదు, చేను లేదు, జాకరమ్మ లేదు.

సాయంత్రం మా తాత నన్ను అడిగాడు. "నువ్వు చదువుకుంటున్నావు కదరా. ఆ పటం ఎవరు రాశారు? మనల్ని ఎవరైనా ఒక మాట అడిగారా?"

నా దగ్గర జవాబు లేదు. హాస్టల్‌కి వచ్చాక లైబ్రరీలో కూర్చుని చదివాను. చదివేకొద్దీ తెలిసిందేంటంటే, తాత అడిగిన ప్రశ్న ఫోన్లతో వచ్చింది కాదు. మన కొండల్లో అది 140 ఏళ్లుగా ఉంది.

రోడ్లు లేనప్పుడు కూడా మనకి దారులున్నాయి. గూడెం, రంప కొండల్లో ఊళ్లు ముఠాలుగా ఉండేవి. ముఠాకి ఒక ముఠాదారు. అతను పైవాళ్లకి కట్టుబడి కట్టేవాడు, ముఠా మంచీ చెడూ చూసేవాడు. ఏ వాగు దాటితే పక్క ముఠా మొదలవుతుందో, ఏ దారి సంతకి పోతుందో అందరికీ తెలుసు. రాసిపెట్టుకునే అవసరం రాలేదు. 1839లో ఇంగ్లీషు కంపెనీ 24వ నంబరు చట్టం చేసి, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు పాలన నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకి అప్పగించింది. మనం ఈ రోజుకీ వాడే "ఏజెన్సీ" అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. అంటే మన చోటుకి పేరు కూడా మనల్ని పాలించే ఆఫీసరు హోదాని బట్టే పెట్టారు.

1879లో రంప తిరగబడింది. కల్లు మీద పన్ను, మన్సబుదారు వసూళ్లు, పోలీసుల జులుం, అన్నీ కలిసి పేలాయి. అది అణిగీ అణగకముందే, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దీన్ని మనం సరిగ్గా అర్థం చేసుకోవాలి. అడవిని రిజర్వు చేసే ముందు ప్రభుత్వం ఒక ప్రకటన ఇస్తుంది. గడువు పెడుతుంది. ఆ లోపల మీకు ఆ అడవిలో నడిచే దారి హక్కు, నీటి హక్కు, మేత హక్కు, అటవీ ఫలసాయం హక్కు ఏమైనా ఉంటే సెటిల్‌మెంటు ఆఫీసరు ముందు చెప్పుకోవాలి. చెప్పుకోని హక్కు పోయినట్టే లెక్క. మొదటిసారి చదివినప్పుడు నేను ఇక్కడ ఆగిపోయాను. దారి హక్కు అన్న మాట చట్టంలో ఉంది! కానీ చదువురాని మనిషికి, కొండ మీద పోడు కొట్టుకుంటున్న మనిషికి, తన తాత నడిచిన బాటని తనదేనని గడువులోగా ఒక ఆఫీసులో చెప్పుకోవాలని ఎలా తెలుస్తుంది? దారులు కాళ్ల కింద అలాగే ఉన్నాయి. కాగితంలో మాత్రం లేకుండా పోయాయి. మన ఊళ్లు మొదటిసారి గేటు బయట నిలబడింది అప్పుడే.

తర్వాత రోడ్డు వచ్చింది. అల్లూరి సీతారామరాజు పోరాటం అనగానే మనకి బాణాలు, పోలీస్ స్టేషన్లు గుర్తొస్తాయి. కానీ దాని వెనక కారణాల్లో రోడ్డు పని ఒకటి. గూడెం తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు నుంచి చింతపల్లి మీదికి రోడ్డు వేయించేటప్పుడు మన మనుషుల చేత చాలీచాలని కూలికి వెట్టిలాగా పని చేయించాడు. బట్టిపనుకుల గాం గంటందొర లాంటి వాళ్లు అతని వల్ల ఇబ్బంది పడ్డవాళ్లే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి జరిగింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు ఇంగ్లీషు ఆఫీసర్లు చనిపోయారు. బలగాలకి రోడ్డు తెలుసు, మనవాళ్లకి బాట తెలుసు. దాదాపు రెండేళ్లు ఆ పోరాటం నిలబడిందంటే అందులో ఆ బాటల పాత్ర చాలా ఉంది. 1924 మే 7న రాజుని కాల్చేశారు. గంటందొర కూడా ఆ ఏడాదే పోయాడు. అతని తమ్ముడు మల్లుదొర అండమాన్ జైలుకి వెళ్లి, తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి గెలిచాడు.

నేను చెప్పేది రోడ్డు చెడ్డదని కాదు. ఎవరి చేత వేయించారు, ఎవరి కోసం వేశారు, ఎవర్ని అడిగి వేశారు అన్నది అప్పుడూ ప్రశ్నే, ఇప్పుడూ ప్రశ్నే.

ఇది విశాఖ కొండల కథే కాదు. తెలంగాణ వైపు నుంచి గ్రూపులో ఉన్న గోండు, కొలాం అన్నలకి ఇది ఇంకా బాగా తెలుసు. నిజాం కాలంలో ఆదిలాబాద్ అడవుల్లో రిజర్వు హద్దులు గీశారు. హద్దు లోపల సాగు చేస్తే నేరం, పశువుల్ని మేపితే పన్ను. కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చింది దాని మీదే. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటల్లో దారి అన్న మాట లేదు. కానీ ఆ మూడింటి దగ్గరికీ దారిలోనే కదా పోవాలి.

స్వాతంత్ర్యం వచ్చింది. గేటు మాత్రం పోలేదు. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చి మన చింతపండు, అడ్డాకులు కొనడం మొదలుపెట్టింది. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది, 1970లో అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం అడవి సరుకు కదలాలంటే పర్మిట్ కావాలి, దాన్ని చూడ్డానికి రోడ్ల మీద చెక్‌పోస్టులు. కలప దొంగల్ని పట్టుకోవడానికి ఆ గేటు కావాల్సిందే, కాదనను. కానీ మా తాత కుర్రాడిగా ఉన్నప్పుడు కావిడి వేసుకుని సంతకి పోతుంటే ఒక గేటు దగ్గర సగం పూట నిలబెట్టేవారట. ఒకసారి చీపురుకట్టలు, ఇంకోసారి కోడిపెట్ట ఇచ్చి కదిలేవాడట. "గేటుకి మొక్కకపోతే సంతకి ఎండ పడ్డాక చేరేవాళ్లం" అని ఇప్పుడు నవ్వుతూ చెప్తాడు. అప్పుడు నవ్వి ఉండడు.

ఇక మన తరానికి వద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం గురించి మనందరికీ పట్టాల వరకే తెలుసు. అందులో ఇంకా ఉంది. సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కు మనదే అంటుంది. వెదురు, తేనె, లక్క, ఆకులు, దుంపలు అన్నీ అందులో వస్తాయి. 2012లో నియమాలు సవరించాక, ఆ ఫలసాయం తరలించే పర్మిట్ ఇచ్చే పని గ్రామసభ పెట్టుకున్న కమిటీకి గానీ, గ్రామసభ అధికారం ఇచ్చిన మనిషికి గానీ వచ్చింది. దాని మీద రాయల్టీ, ఫీజు ఉండకూడదు. అంటే మా తాత ఏ కాగితం లేక గేటు దగ్గర నిలబడ్డాడో, ఆ కాగితం రాసే కలం ఇప్పుడు చట్టప్రకారం మన గ్రామసభ చేతిలో ఉంది. ఎన్ని ఊళ్లలో ఆ పర్మిట్ పుస్తకం ఉందో మీరే చెప్పండి. మా ఊళ్లో లేదు.

రోడ్డు మాట కూడా అందులో ఉంది. సెక్షన్ 3(2) కింద బడి, ఆస్పత్రి, రోడ్డు లాంటి వాటికి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఇంకా, సామూహిక హక్కుకి రుజువులుగా మేత భూములు, దుంపలు తవ్వుకునే చోట్లు, నీటి ఊటలు, పూజ చేసే చెట్లు, శ్మశానాలు చూపించొచ్చు. పెద్దవాళ్లు చెప్పిన మాట రాసిపెట్టినా రుజువే. 1882లో కాగితం లేదని పోగొట్టుకున్న దానికి, ఇప్పుడు తాత నోటిమాట కూడా సాక్ష్యంగా పనికొస్తుంది.

మన పక్కనే ఒడిశాలో నియమగిరి ఉంది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అక్కడ మైనింగ్ వల్ల డోంగ్రియా కోందుల పూజా హక్కులకి దెబ్బ తగులుతుందా లేదా గ్రామసభలే తేల్చాలంది. 12 గ్రామసభలు కూర్చున్నాయి. 12 కూడా వద్దన్నాయి. కొండ ఎవరిదో ఊరు చెప్పింది, దేశం వినింది.

ఇప్పుడు మళ్లీ మా తడిక దగ్గరికి. ఆ మ్యాప్ ఎవరు రాశారు? ఎక్కడో కూర్చున్న మనిషి శాటిలైట్ ఫోటో చూసి, చెట్ల మధ్య సన్నటి గీత కనిపిస్తే రోడ్డని గీసి ఉండొచ్చు. పై నుంచి చూస్తే పశువుల బాటా, జీపు దారీ ఒకేలా ఉంటాయి. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అని ఒకటుంది, అందులో ఎవరైనా ఖాతా తెరిచి సరిచేయొచ్చు. నేను చూసి నేర్చుకున్నదేంటంటే, అందులో దారి ఉందా లేదా అనేది ఒక ఖానా, ఆ దారిలో ఎవరు వెళ్లొచ్చు అనేది వేరే ఖానా. గేటుకి విడిగా గుర్తు ఉంది. అందరికీ దారా, సొంత దారా, అనుమతి అడిగి వెళ్లాలా అని రాయొచ్చు. మనం ఆ రెండో ఖానా నింపలేదు. ఖాళీగా ఉంటే చూసేవాడు అందరిదీ అనుకుంటాడు.

"అయితే మొత్తం తీసేద్దాం, మ్యాప్‌లో మన ఊరే లేకుండా చేద్దాం" అని మా ఊరి కుర్రాళ్లు కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. మనలో ఎంతమంది మన అక్కల్ని, అమ్మల్ని డోలీలో మోయలేదు చెప్పండి? 108 డ్రైవరుకి దారి కనిపించకపోతే, రాత్రి గేటుకి తాళం ఉండి తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియకపోతే ప్రాణం పోతుంది. దారి కనిపించాలి. దాని మీద మన షరతు కూడా కనిపించాలి.

అందుకే నా ఆలోచన ఇది. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఒక రోజు పెద్దవాళ్లతో కలిసి దారులన్నీ నడుద్దాం. ఏ గేటు ప్రభుత్వానిది, ఏది ఊరిది, ఏది ఒక రైతు సొంత చేనుది, రాత్రి మూస్తారా, తాళం ఎవరి దగ్గర, ఇవన్నీ నోటుబుక్కులో రాద్దాం. గ్రామసభలో చదివి వినిపిద్దాం. సభ సరే అన్నవే మ్యాప్‌లో పెడదాం. దేవతల చోట్లు, శ్మశానాలు హక్కు పత్రాల ఫైల్లో ఉండాలి. అందరూ చూసే మ్యాప్‌లో పెట్టాలా వద్దా ఊరే తేలుస్తుంది, నేనూ కాదు, మీరూ కాదు.

ఇంకోమాట మనకి మనం చెప్పుకోవాలి. మనం కూడా రీల్స్ కోసం పక్క ఊరి జలపాతానికి బైకులేసుకుని పోతాం. అక్కడ తడిక తీసి మూశామా? తీసున్న గేటు తీసినట్టే, మూసున్న గేటు మూసినట్టే వదలాలి. పశువులు తోలే పిల్లాడు ఎదురైతే "తమ్మీ, ఇలా పోవచ్చా?" అని అడగాలి. ఆదివాసీలమని ఇంకొకరి చేను తొక్కే హక్కు మనకేం రాదు.

చైత్రంలో ఇటుకల పండగకి మావైపు మగవాళ్లు వేటకి పోతే, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర కట్టి పాటలు పాడుతూ పజోరు అడుగుతారు. కలెక్టరు కారైనా ఆగాల్సిందే. పదో ఇరవయ్యో ఇస్తే నవ్వుతూ కర్ర ఎత్తుతారు. చిన్నప్పుడు అది ఆట అనుకున్నాను. ఇప్పుడు వేరేలా అనిపిస్తోంది. ఇది మా ఊరు, ఆగి, పలకరించి వెళ్లు అని చెప్పడం అది. అలా ఆపినందుకు ఎవరూ కోప్పడగా నేను చూడలేదు.

వచ్చే సెలవుల్లో తాతతో ఆ బాట నడుస్తాను. మొదట రాసేది తడిక గురించే. మీ ఊళ్లో గేట్లు ఎన్ని, ఎవరివి? కింద రాయండి.

జోహార్.