జెంటూ అంటే ఎవరు?

తెలుగుకు ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు వాడిన పేరు జెంటూ. మదరాసు కోటలో ఉండిన కుంపిణీ దొరలు మన భాషను జెంటూ అనేవాళ్ళు, దాన్ని మాట్లాడేవాళ్ళను జెంటూలు అనేవాళ్ళు. మా చరిత్ర పుస్తకంలో ఈ మాట లేదు. మా ఇంగ్లీషు సారు వాడుక తప్పిపోయిన మాటల గురించి చెబుతా దీన్ని బోర్డు మీద రాశారు. అప్పటినుంచి దీని వెంట పడ్డాను.

ఈ మాట ఇంగ్లీషులో పుట్టింది కాదు. పోర్చుగీసులో జెంతియు అనే మాట ఉంది. క్రైస్తవుడు కానివాడు, అన్యమతం వాడు అని అర్థం. 1498లో వాస్కోడిగామా కాలికట్ చేరిన తర్వాత పోర్చుగీసువాళ్ళు ఇక్కడి ముస్లిములను మూర్లు అన్నారు, హిందువులను జెంతియులు అన్నారు. తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ దగ్గర ఈ మాట పట్టుకొని జెంటూ చేసుకున్నారు.

ఇంకా వెనక్కి పోతే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. దీని వేరు లాటిన్‌లో ఉండే జెన్స్ అనే మాట. వంశం, తెగ అని అర్థం. మంచి వంశంలో పుట్టినవాడు అనే అర్థంతో పోయిన కొమ్మ జెంటిల్‌మన్ అయింది. మన మతం కాని జనం అనే అర్థంతో పోయిన కొమ్మ జెంటూ అయింది. అంటే దొరా, దొర కింద కూలీ ఒకే వేరుకు పుట్టిన మాటలే! సంస్కృతం నుంచి మనకు వచ్చిన జనం, జాతి అనే మాటలు కూడా ఈ జెన్స్‌కు చుట్టాలేనని భాషాశాస్త్రం చెబుతుంది.

సరే, హిందువులందరికీ పెట్టిన పేరు తెలుగువాళ్ళకు ఎందుకు అంటుకుంది? పోర్చుగీసువాళ్ళు వచ్చినప్పుడు దక్షిణంలో పెద్ద రాజ్యం విజయనగరం. ఆ రాజుల కింద చాలా చోట్ల పెత్తనం తెలుగు నాయకులది. 1639లో ఇంగ్లీషువాళ్ళకు మదరాసులో స్థలం ఇచ్చిన దామెర్ల నాయకులు కూడా తెలుగువాళ్ళే. ఇక్కడ జెంటూ అంటే ముందు కనిపించేది వీళ్ళే కాబట్టి పేరు వీళ్ళకు నిలిచిపోయి ఉంటుందని యూల్, బర్నెల్ అనే ఇద్దరు తమ హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో రాశారు. మరి తమిళులను ఏమన్నారు? మలబారులు అన్నారు! మలబారు కేరళ తీరం. పోర్చుగీసువాళ్ళు మొదట దిగింది అక్కడ కాబట్టి ఆ పేరునే తమిళం దాకా లాక్కొచ్చారు. మా వీధిలో తమిళ స్నేహితుడికి ఇది చెబితే నమ్మలేదు. వాడికి నా మీదకంటే దొరల మీద కోపం వచ్చింది.

కలకత్తా వైపు మాత్రం జెంటూ అంటే హిందువు అనే అర్థమే ఉండింది. 1776లో హాల్‌హెడ్ జెంటూ చట్టాలు అని ఒక పుస్తకం వేశాడు. పేరు చూసి తెలుగువాళ్ళ చట్టాలు అనుకోకూడదు. వారన్ హేస్టింగ్స్ కోరితే 11 మంది పండితులు సంస్కృతంలో కూర్చిన ధర్మశాస్త్రం అది. దాన్ని పారసీలోకి మార్చి, పారసీ నుంచి ఇంగ్లీషులోకి మార్చారు.

మన పేరు మనకు ఎలా తిరిగి వచ్చిందో వ్యాకరణ పుస్తకాల అట్టల మీదే కనిపిస్తుంది. 1816లో మదరాసులో వచ్చిన క్యాంబెల్ వ్యాకరణం పేరులో తెలుగు భాష అని ఉంది, కానీ జనం దీన్ని జెంటూ అంటారు అని పక్కనే చెప్పాల్సి వచ్చింది. మరుసటి ఏడే విలియం బ్రౌన్ వేసిన పుస్తకం మీద వట్టి జెంటూ వ్యాకరణం అని ఉంది. 1840లో సి.పి. బ్రౌన్ వేసిన దాని మీద తెలుగు వ్యాకరణం అని మాత్రమే ఉంది. జెంటూ అంటారు అని చెప్పే అవసరం ఆయనకు రాలేదు.

ఇది తిట్టా అని మా చెల్లి అడిగింది. దొరలందరూ తిట్టడానికే అన్నారని నేను అనుకోను. చాలామందికి దాని అర్థం కూడా తెలిసి ఉండదు. కానీ తెలుగు, తెనుగు, ఆంధ్రం అని మనకు మూడు పేర్లు ఉండగా, మీ భాషను మీరేమంటారు అని అడిగి ఉండవచ్చు కదా. అది నాకు బాధ. ఇప్పుడు కూడా బస్సులో తెలుగు మాట్లాడితే గొల్టీ అని నవ్వుతారు. ఆంధ్రా నుంచి చుట్టాలు వస్తే మమ్మల్ని అరవోళ్ళు అంటారు. మా అవ్వ కూడా తమిళాన్ని అరవం అనే అంటుంది. ఆ మాట తమిళులకు నచ్చదని చెబితే, “మా అమ్మ అట్లే అనేది, నేనూ అంటాను, అందులో తప్పేముందిరా?” అంది. కుంపిణీ దొరను అడిగి ఉంటే వాడూ అదే చెప్పి ఉంటాడేమో.

హాబ్సన్ జాబ్సన్ అచ్చైన 1886 నాటికి జెంటూ పాత మాట అయిపోయింది. ఇప్పుడు ఆ పేరుతో ఉండేది దక్షిణ ధ్రువం వైపు బతికే ఒక పెంగ్విన్ జాతి. దాని తల మీద తెల్ల పట్టీ తలపాగాలాగా ఉంటుందని ఆ పేరు పెట్టారని కొందరు అంటారు. ఫొటో చూపిస్తే మా అవ్వ, “మీ తాత తలగుడ్డ ఇంతకన్నా బాగా కట్టేవాడు” అంది.