నల్లగొండ విధానం: కనిగిరి సీమ నుంచి దాని పూర్వచరిత్ర

తాగునీటిలో మోతాదు మించిన ఫ్లోరైడును పటిక, సున్నం సాయంతో తగ్గించే పద్ధతిని నల్లగొండ విధానం అంటారు. పేరు తెలంగాణ జిల్లాదే అయినా, దానికి దారితీసిన శాస్త్ర పరిశోధన తొలి అడుగులు కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అంతర్భాగంగా ఉన్న నాటి నెల్లూరు జిల్లాలోనే పడ్డాయి.

పంటిమీది గారకు నీటిలోని ఫ్లోరైడు కారణమని అమెరికాలో హెచ్.వి. చర్చిల్ 1931లో గుర్తించి ప్రకటించగా, ఆరేళ్లకే, 1937లో, పరిశోధకులు షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా పల్లెల్లోని వ్యాధికి అదే మూలమని ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో వెల్లడించారు. గారపళ్లతో ఆగక వెన్నెముక బిగుసుకుపోయి, నరాలు నొక్కుకుపోయి మనిషిని మంచాన పడవేసే ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్యలోకం ముందుంచిన తొలి వివరణల్లో ఇది ముఖ్యమైనది. ఆ తర్వాత ఇతర ప్రాంతాల వైద్యులు తమ రోగులను కొత్త కంటితో చూడగలిగారు; 1955లో సిద్దిఖీ నల్లగొండ పరిస్థితిని ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వివరించగా, 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో కనిపించే, మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యంపై ‘లాన్సెట్’లో రాశారు. జబ్బు తెలిసిన నాటికీ, నీటికి మందు దొరికిన నాటికీ మధ్య దాదాపు నాలుగు దశాబ్దాలు గడిచాయన్నది మాత్రం మరువరాదు.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రజ్ఞులు నవ్‌లఖే, బులుసు తదితరులు 1975లో ఈ విధానాన్ని ప్రకటించారు. నీటిలో సున్నం, పటిక, క్రిములను చంపే బ్లీచింగ్ పొడి కలిపి నెమ్మదిగా తిప్పితే తెట్టెలు కట్టి, ఫ్లోరైడును పట్టుకుని అడుక్కు చేరతాయి. పైనున్న తేట నీటిని వడకట్టుకోవాలి. ఫ్లోరైడు, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే నీటి గుణం) ఎంతెంత ఉంటే ఎంత పటిక వేయాలో చూపే పట్టికలు సైతం వెలువడ్డాయి. కావలసిన సరుకంతా అంగడిలో దొరికేదే కావడంతో ఊరి ట్యాంకుకైనా, ఇంట్లోని బకెట్టుకైనా ఇది అమరింది. టాంజానియా, ఇథియోపియాల్లోని ఫ్లోరైడు పీడిత ప్రాంతాలు కూడా దీన్ని తమ అవసరాలకు తగ్గట్టు మలచుకున్నాయి.

అయితే పట్టిక చేతిలో ఉన్నంత మాత్రాన పని జరగదు. ప్రతి బోరు నీటినీ పరీక్షించి మోతాదు నిర్ణయించాలి. తప్పితే ఫ్లోరైడు తగ్గదు సరికదా, అల్యూమినియం నీటిలో మిగిలిపోతుంది. అడుగున చేరిన మడ్డిని పారబోయడం మరో చిక్కు. అందువల్ల భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని ఇంట్లో నిత్యం పాటించడం కష్టసాధ్యమైంది. నేడు కనిగిరి సీమలో ఆర్వో ప్లాంట్ల నీటి క్యాన్లు వాడుకలోకి వచ్చాయి. ఆ ప్లాంట్లు వదిలే వ్యర్థ జలంలో ఫ్లోరైడు మరింత చిక్కబడి ఉంటుంది.