గునుగు పూచిన నేల

1550–1580 నడుమ గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున హుస్సేన్‌సాగరము వెలసినది. దాని పడమటి ఒడ్డున ఖైరతాబాదు పెరిగినది. కట్టడములకు చరిత్రకారులు కలరు; ఈ మెరకనేలల సొంతబిడ్డలైన తంగేడు, గునుగులకు లేరు. బతుకమ్మను పేర్చు ఆడుబిడ్డలే వానిని తలచుకొనిరి.

నేడా నేల యిండ్లక్రింద అణగినది. పండుగకు గునుగు పల్లెలనుండి పట్నపు అంగళ్లకు రావలసినదే. మిగిలిన ఖాళీజాగాలను, 1950ల పిదప దేశమున వ్యాపించిన వయ్యారిభామ ఆక్రమించినది. చేరువనున్న జూబిలీహిల్సులో మాత్రము, 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనమైన చోట, దేశవాళి తుప్పలు నిలిచినవి.

మనకంత నేల అక్కరలేదు. రెండు మంచముల పట్టు చాలును. తొలకరికి మొలచిన వయ్యారిభామను, చేతికి గుడ్డ చుట్టుకొని, పూతకు ముందే వేళ్లతో పెరుకవలెను. ఎరువు వేయరాదు, అది కలుపునకే బలము. తంగేడు గింజను గరుకురాతిపై రాచి, రాత్రి నానబెట్టి నాటవలెను. గునుగు గింజను పైపైన చల్లిన చాలును. దసరా పిదప కొన్ని కంకులను కోయక విడిచినచో, మరుసటి యేడు తానే మొలచును.

చేనిలో గునుగును కలుపని పెరుకుట రైతునకు న్యాయమే. గట్టున మాత్రము పిడికెడు మిగుల్చుడని పెద్దలకు నా మనవి. పట్నము పోగొట్టుకొన్న విత్తనము మీ గట్లపై ఇంకను ఉన్నది.