సమానమైనవి సమానం కావా?

మొన్న ఆఫీసులో ఒక చిత్రం జరిగింది. మాది సర్వే మ్యాపుల సాఫ్ట్‌వేర్. పాత 32 బిట్ బిల్డులో ఒకే బిందువుని రెండుసార్లు లెక్కేస్తే రెండూ వేరంటోంది, పొలం హద్దు మూసుకోవట్లేదు. విలువలేంటో చూద్దామని మధ్యలో ఒక ప్రింట్‌ఎఫ్ పెట్టా. మూసుకుంది! తీసేస్తే మళ్ళీ మామూలే. రెండు రోజులు నన్ను నేనే అనుమానించుకున్నా. తీరా చూస్తే దీని వెనక నలభై ఏళ్ళ కథ ఉంది.

1970ల్లో ఒక్కో కంపెనీ మెషీన్‌ది ఒక్కో పద్ధతి. ఐబీఎం 360ది పదహారు ఆధారం, డెక్ వాళ్ళ వ్యాక్స్‌ది రెండు. ఒకచోట సరిగ్గా నడిచే ప్రోగ్రాము ఇంకోచోట తప్పేది. 8087 చిప్ కోసం ఇంటెల్ బర్క్లీ ప్రొఫెసర్ విలియం కహాన్‌ని సలహాదారుగా పెట్టుకుంది. 1980లో చిప్, 1985లో ఐఈఈఈ 754 ప్రమాణం, 1989లో ఆయనకి ట్యూరింగ్ అవార్డు. ఇంతవరకూ సుఖాంతమే.

చిక్కంతా ఆ 8087లోనే ఉంది. మెమరీలో డబుల్ అంటే 64 బిట్లు, చిప్ రిజిస్టర్లలో 80. లెక్క మధ్యలో తప్పులు పోగవకుండా నాబోటి వాళ్ళని కాపాడ్డానికే ఆ అదనపు బిట్లు. ఉద్దేశం మంచిదే పాపం. కానీ ఉన్నవి ఎనిమిది రిజిస్టర్లే. చాలనప్పుడు కంపైలర్ విలువని మెమరీలోకి దించుతుంది, చివరి బిట్లు రాలిపోతాయి. ఒకటి దిగి ఇంకోటి పైనే ఉండిపోయిందనుకోండి, పోలిక తప్పుతుంది. ఫంక్షన్‌ని పిలిచే ముందు రిజిస్టర్లన్నీ ఖాళీ చెయ్యాలి కాబట్టి రెండూ దిగాయి. నా ప్రింట్‌ఎఫ్ మాయ అదన్నమాట.

జీసీసీలో ఇది 323వ నంబరు బగ్, 2000లో నమోదైంది. తప్పు చిప్‌దా, కంపైలర్‌దా? నన్నడిగితే కంపైలర్‌దే ఎక్కువ, దించేదేదో 80 బిట్లూ దించొచ్చుగా! 2010లో సీ భాషకి ఒక ఆప్షన్ ఇచ్చారు, సీ ప్లస్ ప్లస్ వాళ్ళు 2023 దాకా ఆగాల్సొచ్చింది. ఈలోగా పెంటియం 4తో వచ్చిన ఎస్ఎస్ఈ2లో 64 అంటే 64 బిట్లే. 64 బిట్ బిల్డుల్లో గొడవ సద్దుమణిగింది.

"తేడా 0.000001 లోపుంటే సమానం అనుకో" అన్నారు మా సీనియర్ ఒకాయన. పది వేల చదరపు కిలోమీటర్ల జిల్లా విస్తీర్ణాన్ని చదరపు మీటర్లలో రాస్తే వెయ్యి కోట్లు. అక్కడ పక్కపక్క డబుల్స్ మధ్య దూరమే అంతకన్నా ఎక్కువ! ఆ సలహా పక్కన పెట్టి, బిందువుని ఒక్కసారే లెక్కేసి దాచుకున్నా.

తర్వాత అదే కోడ్ ఆర్మ్ లాప్‌టాప్ మీద పెడితే మళ్ళీ తేడా. అక్కడ గుణకారాన్నీ కూడికనీ కంపైలర్ ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా కలిపేస్తోంది, రౌండింగ్ ఒక్కసారే. ఒక సంఖ్య వర్గంలోంచి అదే వర్గం తీసేసినా సున్నా రాకపోవచ్చు. కలపొద్దని ఫ్లాగ్ పెట్టాక టెస్టులు పాసయ్యాయి. 32 బిట్ బిల్డుని మాత్రం కస్టమర్ ఇంకా వదలట్లేదు.