మంచుపలక మీద లిలియన్

1920 మార్చి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, వైట్ రివర్ జంక్షన్. నది గడ్డకట్టుకుపోయింది. పనివాళ్లు రంపాలతో కోస్తున్నారు, లొంగనిచోట మందుగుండు పెట్టి పేలుస్తున్నారు. విడిపడిన మంచుపలకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ కదిలాయి. కెమెరాలో నూనె బిగుసుకుపోకుండా దాని కింద నిప్పు రాజేశారు. కెమెరామన్ బిల్లీ బిట్జర్ హ్యాండిల్ తిప్పడానికి సిద్ధంగా ఉన్నాడు.

పలుచటి దుస్తుల్లో ఓ అమ్మాయి వచ్చి పలక మీద పడుకుంది. లిలియన్ గిష్‌కి అప్పుడు 26 ఏళ్లు. డూపు లేదు.

సినిమా పేరు 'వే డౌన్ ఈస్ట్'. లాటీ బ్లెయిర్ పార్కర్ రాసిన పాత నాటకం హక్కులను దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్ 1,75,000 డాలర్లు పోసి కొంటే, ఈయనకు మతి పోయిందేమోనని సొంత మనుషులే గుసగుసలాడుకున్నారు. లిలియన్ పాత్ర అయిన అన్నా అనే పేదపిల్లను ఓ డబ్బున్నవాడు దొంగపెళ్లితో మోసం చేస్తాడు. పుట్టిన బిడ్డ కన్నుమూస్తుంది. పనికి కుదిరిన ఇంట్లో ఈ సంగతి బయటపడగానే ఆ ఇంటిపెద్ద ఆమెను మంచుతుఫానులోకి గెంటేస్తాడు. మోసం చేసినవాడు మాత్రం అదే ఇంట్లో అతిథిగా భోజనానికి కూర్చుని ఉంటాడు! కథ పాతదే, కానీ ఆ అన్యాయం పాతబడలేదు.

తుఫాను దృశ్యం కోసం న్యూయార్క్ దగ్గర మామరోనెక్‌లో నిజం తుఫాను వచ్చేదాకా కాచుకున్నారు. లిలియన్ కనురెప్పలకు మంచు ముళ్లలా పేరుకుంటే, ఆ ముఖాన్ని వదలొద్దని గ్రిఫిత్ బిట్జర్ మీద కేకలు పెట్టాడు. గాలికి ఆయన ముఖమూ కమిలిపోయింది.

అన్నా మంచుపలక మీద సొమ్మసిల్లి పడిపోయే నది సన్నివేశానికి ప్రాణం పోసింది మాత్రం లిలియనే. సొమ్మసిల్లిన మనిషి చేతులు ముడుచుకుని పడుకోదు కదా! కుడిచేయీ జుట్టూ నీళ్లలోకి జారవిడుస్తానని తనే చెప్పింది. గ్రిఫిత్ సరేనన్నాడు.

చేయి నీళ్లను తాకింది. కాసేపటికి చలి పోయి మంట మొదలైంది, నిప్పుల్లో పెట్టినట్టు. జుట్టు గడ్డకట్టింది. అయినా కదల్లేదు. కదిలితే అన్నా స్పృహలో ఉన్నట్టు తెలిసిపోతుంది. షాట్ అయ్యాక లేచి ఒళ్లు కాచుకోవడం, మళ్లీ వచ్చి పడుకోవడం. రోజుకు ఇరవైసార్లకు తక్కువ కాకుండా, మూడు వారాలు అలా చేశానని తర్వాత చెప్పుకుంది. ఆ చేయి చలిలో జీవితాంతం ఆమెను బాధించింది.

పలక నుంచి పలకకు దూకుతూ వచ్చి ఆమెను ఎత్తుకునే డేవిడ్ అనే యువకుడిగా రిచర్డ్ బార్తెల్‌మెస్ నటించాడు. జలపాతం అంచున తీసిన షాట్లు మాత్రం కనెక్టికట్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ దగ్గరవి. మధ్యలో నయాగరా దృశ్యాలు అతికించారు. ఎడిటింగ్ ఎంత ఒడుపుగా ఉందంటే, అతుకు తెలిసినవాళ్లు కూడా కుర్చీ అంచుకు జరుగుతారు.

సెప్టెంబర్ 3న న్యూయార్క్‌లో విడుదలైంది. మతి పోయిందనుకున్న ఆ బేరం గ్రిఫిత్‌కు భారీగా డబ్బు తెచ్చిపెట్టింది. సినిమా చరిత్ర పుస్తకాల్లో ఈ ఘట్టం గ్రిఫిత్ ప్రతిభ కింద జమ అవుతుంది. కెమెరా ఎక్కడ పెట్టాలో, ఏ షాట్ పక్కన ఏది అతకాలో ఆయనకు తెలిసినంతగా ఆనాడు తెలిసినవాళ్లు అరుదే. కాదనను. కానీ ఆ దృశ్యంలో మన కళ్లు వెతికేది నీళ్లలో ఈడ్చుకుపోతున్న ఆ చేతినే. ఆ ఊహ లిలియన్ గిష్‌ది.