కొండమీద రాయలు, చేలగట్టున వీరులు

తిరుమల మహాద్వారం దాటగానే కుడివైపున నా కళ్లు ప్రతిమా మండపం కోసమే వెతుకుతాయి. తిరుమలదేవి, చిన్నాదేవి ఇరుపక్కలా ఉండగా చేతులు జోడించిన కృష్ణదేవరాయల రాగి విగ్రహం అక్కడుంది. భుజాలమీద పేర్లూ చెక్కారు. ఆయన తొలిసారి 1513 ఫిబ్రవరి 10న కొండకొచ్చాడు. కళింగ యుద్ధకాలంలోనూ వచ్చి మొక్కాడు.

మరి యుద్ధాల్లో చచ్చిన బంట్లు? మా పుంగనూరు, మదనపల్లె సీమలో వాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లు, వీరగల్లులున్నాయి. బాణ, వైదుంబ, నొలంబ రాజులు కొట్లాడుకున్న 9వ శతాబ్దంనాటివీ ఉన్నాయి. కత్తి దూసిన మనిషి, కొన్నిటిమీద పాత తెలుగులోనో కన్నడంలోనో నాలుగు పంక్తులు. రాజుల ప్రశస్తులకన్నా నాకివే విలువైనవి: సామాన్యుడి చావును పేరుపెట్టి చెప్పేవి ఇవే.

మీ చేనిగట్టున అలాంటి రాయి ఉంటే పెకలించకండి, సున్నం పూయకండి. పురావస్తు శాఖకు కబురు చెప్పండి.