సిలిసీన్: భిలాయ్ ఉక్కు నేర్పిన పాఠం

భిలాయ్‌కి, అక్కడి వైశాలి నగర్‌ వంటి కాలనీలకు పునాది 1955 నాటి సోవియట్ ఒప్పందం. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. తర్వాతి మెట్టు ఎలక్ట్రానిక్స్. 1967లో ఏ.ఎస్. రావు సారథ్యంలో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఏర్పడింది. మొహాలీలోని ఎస్‌సీఎల్ 1984లో చిప్‌ల ఉత్పత్తి మొదలుపెట్టింది. 1989 అగ్నిప్రమాదం దాన్ని వెనక్కి నెట్టింది.

సిలిసీన్ అంటే ఒకే పరమాణువు మందమున్న సిలికాన్ పొర. గ్రాఫీన్ చదునుగా ఉంటే ఇది కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉంటుంది.

గుర్తుంచుకోవాల్సినవి:
• 1994: జపాన్‌లో టకెడా, షిరైషి సైద్ధాంతిక లెక్కలు
• 2007: 'సిలిసీన్' అనే పేరు
• 2012: వెండి ఉపరితలంపై తయారీ
• 2015: టెక్సాస్‌లో అకిన్వాండే బృందం తొలి ట్రాన్సిస్టర్

అనుకూలత: చిప్ పరిశ్రమకు సిలికాన్ కొత్తది కాదు.
అడ్డంకి: గ్రాఫైట్‌లా పొరలు ఒలిచి తీయలేం, గాలి తగిలితే త్వరగా పాడవుతుంది.

విశ్లేషణ: ఉక్కులో అప్పటికే సిద్ధంగా ఉన్న సాంకేతికతను తెచ్చుకున్నాం. సిలిసీన్‌కు అలా తెచ్చుకోవడానికి ఫ్యాక్టరీ ఎక్కడా లేదు. ఇంకా ప్రయోగశాల దశే. కాబట్టి ఇక్కడ ఒప్పందం కన్నా పరిశోధనే ముందు రావాలి. 2016లో మొదలైన ఐఐటీ భిలాయ్ వంటి సంస్థల అవసరం అక్కడే ఉంది.

సాధన ప్రశ్న: సాంకేతికత దిగుమతికీ స్వదేశీ పరిశోధనకూ తేడాను భిలాయ్, ఎస్‌సీఎల్ ఉదాహరణలతో చర్చించండి.